పేగు కడగకముందు

పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ పెరిగి దారి మూసుకుపోయిన మనిషి దగ్గరికెళ్లి "కొంచెం మలం ఇస్తారా" అని అడగడం ఎంత తెలివితక్కువ పనో ఆ ఆస్పత్రిలో ఒక్కరికే బాగా తెలుసు. ఆవిడ సూక్ష్మజీవుల ల్యాబులో డాక్టరేటు చేస్తోంది. చేతిసంచిలో ఎప్పుడూ నీలం మూతల చిన్న ప్లాస్టిక్ డబ్బాలు గలగలలాడుతుంటాయి కాబట్టి వార్డుబాయ్ దగ్గర్నుంచి సర్జన్ దాకా అందరూ ఆవిడను డబ్బా మేడం అంటారు. మొదట్లో ఆ పేరు వింటే మొహం మాడ్చుకునేది. తర్వాత తర్వాత ఫోనెత్తి తనే "డబ్బా మేడాన్ని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టింది. పని జరగాలంటే పేరుతో పేచీ ఎందుకు.

ఆమె పట్టుకున్న ప్రశ్న చూడ్డానికి చిన్నదే. పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవాళ్లలో కొందరికి దారి తెరిచే ఉంటుంది. తీరిగ్గా తేదీ చూసుకుని, ఇంటికి తాళం వేసుకుని వచ్చి ఆపరేషన్ చేయించుకుంటారు. ఇంకొందరికి ఉన్నట్టుండి పేగు మూసుకుపోతుంది. కడుపు ఉబ్బిపోయి, ఆగని వాంతులతో, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని క్యాజువాలిటీకి వస్తారు. ఆదరాబాదరాగా చేసే ఆ ఆపరేషన్లు సర్జన్లకూ ఇష్టం ఉండవు, రోగులకూ కలిసిరావు. ఈ రెండు రకాలవాళ్ల పేగుల్లో కాపురముండే బ్యాక్టీరియా ఒకటేనా, వేరువేరా? వేరైతే, ఎవరికి మూసుకుపోబోతోందో ముందే పసిగట్టగలమా? పసిగడితే ఎంతమంది ఆ హడావిడి తప్పించుకుంటారు? ఈ ఆశతోనే ఆమె పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఎగనామం పెట్టి ఆస్పత్రిలోనే మకాం వేసింది.

చిక్కంతా శాంపిల్ దగ్గర వచ్చింది. దారి మూసుకున్నవాళ్లకు గాలే బయటికి రాదు, ఇక శాంపిలేం వస్తుంది. బుర్ర బద్దలు కొట్టుకుని ఆమె ఒక ఉపాయం చూసింది. ఆపరేషన్ థియేటర్లో సర్జన్ గడ్డ ఉన్న పేగుముక్క కోసి పక్క బల్ల మీద పెట్టగానే, దాని లోపలి గోడను దూదిపుల్లతో తుడిచి డబ్బాలో వేసుకోవాలి. ఒక గుంపుకి అలా చేస్తే రెండో గుంపుకీ అలాగే చేయడం న్యాయం కదా. దారి తెరిచి ఉన్నవాళ్లు "ఇంటి దగ్గర్నుంచే పట్టుకొస్తాం తల్లీ, నీకెందుకీ శ్రమ" అన్నా ఒప్పుకోలేదు. అందరికీ అదే థియేటరు, అదే బల్ల, అదే పుల్ల, అదే చెయ్యి. ఈ నియమం అంటే ఆమెకున్న గర్వం అంతా ఇంతా కాదు. ఎక్కడ మాట్లాడినా ముందు దాని గురించే చెప్పేది.

ఫలితం కూడా గర్వపడేలాగే వచ్చింది. కంప్యూటరు ఒక్కో రోగిని ఒక్కో చుక్కగా గీస్తుంది. లోపలి బ్యాక్టీరియా ఒకేలా ఉంటే చుక్కలు దగ్గర దగ్గరగా చేరతాయి, వేరుగా ఉంటే దూరం జరుగుతాయి. మూసుకున్నవాళ్లకు ఎరుపు, తెరుచుకున్నవాళ్లకు ఆకుపచ్చ. బొమ్మ తెర మీదికి రాగానే ల్యాబులో అందరూ కుర్చీల్లోంచి లేచారు. ఎర్రచుక్కలన్నీ ఒక మూల, పచ్చచుక్కలన్నీ ఇంకో మూల, మధ్యలో గీత గీసినట్టు ఖాళీ. ఒకే ఒక్క పచ్చచుక్క మాత్రం దారి తప్పి ఎర్రవాటి నడుమ కూర్చుంది.

"అదొకటి పక్కన పెట్టేద్దాం. ప్రతి గుంపులోనూ ఒక తిక్కలోడు ఉంటాడు" అన్నాడు పెద్దసారు.

పెద్దసారంటే ల్యాబుకి పెద్ద. ఆమెకు గైడు. రిటైర్మెంటు దగ్గరపడింది. ఏళ్ల తరబడి ఊరించి ఊరించి చేతికి అందకుండా పోయిన పరిశోధనలు ఆయన ఖాతాలో చాలా ఉన్నాయి. అందుకే ఈ బొమ్మను చూసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు, ల్యాబందరికీ టీ చెప్పాడు, పెద్ద సైన్సు సభలో దీన్ని తనే చదువుతానని సభవాళ్లకు పేరు పంపేశాడు. ఆమె కూడా గాల్లో తేలుతూ ఇంటికి వెళ్లింది.

ఇంట్లో అత్తగారు కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కూర్చుని ఉంది. ఆవిడ ముప్పాతిక జీవితం కుట్టుమిషను మీదే గడిచింది. ఆ చుట్టుపక్కల బడికి వెళ్లే పిల్లల్లో సగంమంది ఒంటిమీద ఆవిడ కుట్టిన యూనిఫారమే ఉంటుంది. నోరు కూడా కత్తెరలాంటిదే. అలాంటి మనిషి ఆ రోజు తల వంచుకుని, నేలకేసి చూస్తూ చెప్పింది, కొన్నాళ్లుగా విరేచనంలో రక్తం పడుతోందని.

"ఎన్నాళ్లుగా అత్తయ్యా?"

"చలికాలం ముందు నుంచీ."

"ఇన్నాళ్లూ నాతో ఎందుకు చెప్పలేదు?"

"పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల పేగులతోనే సతమతమవుతున్నావు. ఇంటికొస్తే నా పేగు గోల కూడా ఎందుకులే అనుకున్నా."

ఆ మాట ఆమెకు సూదిలా గుచ్చుకుంది. ఒకే కప్పు కింద తిరుగుతూ, రోజూ ఎదురుగా కూర్చుని తింటూ, ఈ ముఖం పాలిపోతున్న సంగతి తను చూడలేదు. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. మర్నాడే పరీక్షకు తేదీ తీసుకుంది.

కెమెరా గొట్టంతో పేగు లోపల చూడాలంటే ముందు పేగు ఖాళీ అవ్వాలి. దానికి ఒక పొడి ఉంటుంది. పెద్ద జగ్గుడు నీళ్లలో కలిపి గ్లాసు తర్వాత గ్లాసు తాగాలి. వార్డుల్లో దాన్ని మందు పేరుతో ఎవరూ పిలవరు, జగ్గు అనే అంటారు. "జగ్గు తాగారా?" "తాగాం" అంటే చాలు, ఎవరు ఎంత బాధపడ్డారో అందరికీ అర్థమైపోతుంది. అత్తగారు మొదటి గ్లాసుకే మొహం వంకర పెట్టింది. ఆ తర్వాత వంటింటికీ బాత్రూముకీ మధ్య తిరగడమే సరిపోయింది. కొడుకు డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. తల్లి లేచినప్పుడల్లా దారికి అడ్డంలేకుండా కుర్చీలు పక్కకు జరుపుతూ, కనిపించని బ్రేకుని కాలితో తొక్కుతూ నిలబడ్డాడు. ఆందోళన వస్తే అతనికి అదో అలవాటు.

సాయంత్రానికి అత్తగారు సోఫాలో కూలబడి "ఇంక లోపల ఏం లేదమ్మాయ్. నీళ్లు పోస్తే నీళ్లే వస్తున్నాయి. నువ్వు వెతుక్కునే ఆ పురుగులక్కూడా కొంపాగోడూ కొట్టుకుపోయుంటాయి, పాపం" అంది.

కోడలు నవ్వుతూ జగ్గు కడుగుతోంది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. కుళాయి అలా పారుతూనే ఉంది.

తేదీ చూసుకుని ఆపరేషన్‌కు వచ్చే వాళ్లందరికీ ముందురోజు జగ్గు తాగిస్తారు. ఒక్కరిని కూడా వదలరు. దారి మూసుకున్నవాళ్లకు ఎట్టి పరిస్థితుల్లోనూ తాగించరు. తాగిస్తే నీళ్లు పోయే దారి లేక పేగు పగిలిపోతుంది. ఇది వార్డుబాయ్‌కీ తెలుసు, తనకూ తెలుసు. తెలిసి తెలిసి, కడిగిన పేగుని తుడిచి ఒక డబ్బాలో, కడగని పేగుని తుడిచి ఇంకో డబ్బాలో పెట్టి, రెంటికీ తేడా కనిపించిందని పొంగిపోయింది. అదే బల్ల, అదే పుల్ల, అదే చెయ్యి అని మురిసిపోయింది తప్ప, ఆ బల్ల మీదికి రాకముందు ఎవరి పేగుకి ఏం జరిగిందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"ఏంటే, జగ్గుకి చిల్లు పడిందా?" అంది అత్తగారు సోఫాలోంచి.

"జగ్గుకి కాదత్తయ్యా" అంది ఆమె. గొంతు తనకే కొత్తగా వినిపించింది.

మర్నాడు కెమెరా పేగులో ఒక చోట ఆగిపోయింది. అక్కడ గడ్డ ఉంది, దారి సన్నగా ఉంది, గొట్టం ముందుకు వెళ్లనని మొరాయించింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. అది క్యాన్సరేనని తేలింది. గుండె కొంచెం బలహీనంగా ఉంది కాబట్టి మందులతో దాన్ని దారికి తెచ్చి, నెల దాటాక ఆపరేషన్ అన్నారు. అంతవరకూ పలచటి ఆహారమే తినాలి, కడుపు ఉబ్బితే మాత్రం ఆ నిమిషమే పరిగెత్తుకురావాలి. ఆ మాటలన్నీ ఆమె కోడలిగా విన్నది. బయటికొచ్చి మెట్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. ఏడుపు అయ్యాక మొహం కడుక్కుని ల్యాబుకి వెళ్లింది. ఇంత జరిగినా తలలోంచి ఆ దారితప్పిన పచ్చచుక్క పోలేదు.

ఆ చుక్క ఒక లారీ డ్రైవరుది. ఆపరేషన్ అయి కోలుకుని మళ్లీ బండెక్కాడు. ఫోన్ చేసింది.

"డబ్బా మేడం, మీరా? అంతా బాగానే ఉంది కదండీ, మళ్లీ కోస్తారా ఏంటి?"

"కొయ్యరు. ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పాలి. ఆపరేషన్‌కు ముందురోజు జగ్గు పూర్తిగా తాగారా?"

అవతల హారన్లు మోగుతున్నాయి. మనిషి నీళ్లు నములుతున్నాడు.

"తిట్టరు కదా?"

"తిట్టను."

"ఒక్క గుక్క తాగానండీ. కడుపులో తిప్పేసింది. మిగతాది సిస్టర్ అటు తిరగ్గానే సింకులో పోసేశా. సర్జన్‌గారు లోపల చూసి ఏమన్నా అన్నారా?"

"మీరు చాలా మంచి పని చేశారు" అంది ఆమె. జీవితంలో అబద్ధం చెప్పి దొరికిపోయినందుకు పొగడ్త రావడం అతనికి అదే మొదటిసారి కాబోలు, ఫోన్ పెట్టేసే దాకా అనుమానంగానే మాట్లాడాడు.

పెద్దసారు గదిలో తలుపు వేసుకుని చెప్పింది.

"సార్, మన రెండు గుంపులు మూసుకున్నవాళ్లూ తెరుచుకున్నవాళ్లూ కాదు. జగ్గు తాగనివాళ్లూ తాగినవాళ్లూ. తేడా అంతా జగ్గుదే అయ్యుండొచ్చు."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

"మంచి పని చేశావు."

"రేపు చెబుతాను సార్."

ఆయన చెడ్డవాడేం కాదు. చివరిసారి వేదిక ఎక్కాలని మనసుపడ్డాడు, అంతే. మనసుపడ్డవాడికి సర్దుబాట్లు చాలా తోస్తాయి. "చివర్లో ఒక వాక్యం రాద్దాం. మా పరిశోధనకు కొన్ని పరిమితులున్నాయి అని. అందరూ రాసేదే" అన్నాడు.

"పరిమితి అయితే చివర్లో రాయొచ్చు సార్. మనం మొదటినుంచి చివరిదాకా చూసింది జగ్గునే."

"నీ ఫెలోషిప్ గడువు వచ్చే వేసవికి అయిపోతుంది. మళ్లీ మొదలుపెడితే అప్పటికి సగం కూడా రాదు. ఆ సంగతి ఆలోచించావా?"

"ఆలోచించాను సార్. రాత్రంతా అదే ఆలోచించాను. భయంగానే ఉంది. కానీ ఎవరో డాక్టరు మన బొమ్మను నమ్మి, పచ్చచుక్కల్లో ఉన్నావు నీకేం ఫరవాలేదని ఒక మనిషిని ఇంటికి పంపిస్తే? ఆ మనిషి మా అత్తగారే అయితే?"

పెద్దసారు కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. అత్తగారి సంగతి ఆయనకు ఆ ఉదయమే తెలిసింది.

"తాడో పేడో తేల్చుకుందాం సార్. కొద్దిమంది చాలు. దారి తెరిచి ఉన్నవాళ్ల దగ్గరే జగ్గు తాగకముందు ఒకసారి, తాగాక ఒకసారి శాంపిల్ తీస్తాను. రెండూ ఒకే చోట పడితే నేనన్నది తప్పు, మీరు సభకు వెళ్లండి. నేనే మీ పెట్టె మోసుకొస్తాను."

పెట్టె మోసే అవసరం రాలేదు. కొత్త బొమ్మలో ఒక్కో మనిషికి రెండేసి చుక్కలు, వాటిని కలుపుతూ ఒక గీత. జగ్గు తాగకముందు చుక్కలు ఎర్రవాటి చుట్టుపక్కలే తచ్చాడుతున్నాయి. తాగాక అదే మనుషులు మూకుమ్మడిగా పచ్చ మూలకి వలసపోయారు. పెద్దసారు తెర ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే ఫోనందుకుని, సభవాళ్లకు తన పేరు కొట్టేయమని తనే చెప్పాడు. పెట్టేశాక ఆమె వైపు తిరిగి "మళ్లీ మొదలుపెట్టు. ఈసారి నన్ను కూడా నమ్మకు" అన్నాడు.

ఆమె మళ్లీ మొదలుపెట్టింది. థియేటర్లో శాంపిల్ తీయడం మానేసింది. మనిషి ఆస్పత్రి గడప తొక్కగానే, జగ్గు కంటే ముందు, యాంటీబయాటిక్ సూది కంటే ముందు, పేగు చివర దూదిపుల్లతో తుడవాలి. మూసుకున్నవాళ్లకైనా తెరుచుకున్నవాళ్లకైనా ఒకటే పద్ధతి. నెలలోపు జగ్గు తాగినవాళ్లను తీసుకోకూడదు, ఎందుకంటే కొట్టుకుపోయిన బ్యాక్టీరియా మళ్లీ కుదురుకోవడానికి వ్యవధి కావాలి. క్యాజువాలిటీ పెద్ద సిస్టర్ మొదట ససేమిరా అంది. "ప్రాణం మీదికొచ్చిన మనిషికి సూది ఆపి నీ పుల్ల కోసం చూడమంటావా?" అంది.

"ఆపొద్దు సిస్టర్. మీరు సూదిలోకి మందు లాగేలోపు నా పని అయిపోతుంది. అవకపోతే నన్ను తోసేసి సూది వెయ్యండి."

సిస్టర్ ఒకసారి ఆమెను ఎగాదిగా చూసి ఒప్పుకుంది.

పచ్చచుక్కలు బాగానే పోగవుతున్నాయి. ఎర్రచుక్క ఒక్కటీ దొరకట్లేదు. దారి మూసుకున్నవాళ్లు నేరుగా పెద్దాస్పత్రికి ఎందుకు వస్తారు? ముందు వీధి చివర డాక్టరు దగ్గరికి, తర్వాత చిన్న నర్సింగ్‌హోముకి వెళ్లి, అక్కడా ఇక్కడా యాంటీబయాటిక్ సూదులు పొడిపించుకుని, ఇక లాభం లేదన్నాక వస్తారు. సిస్టర్ ఫోన్ చేసినప్పుడల్లా డబ్బా మేడం పరిగెత్తుకెళ్లడం, కాగితాలు చూసి ఉసూరుమంటూ తిరిగి రావడం. ఇంట్లో భోజనాల దగ్గర ఇదే గోల. అత్తగారు సూపు చప్పరిస్తూ "ఇవాళైనా బోణీ అయిందా?" అని అడిగేది. కాలేదంటే తనే నొచ్చుకునేది.

ఒకరోజు మధ్యాహ్నం భర్త ఫోన్ చేశాడు. అమ్మకు కడుపు ఉబ్బుతోంది, పొద్దున్నుంచీ వాంతులు, గాలి కూడా పోవట్లేదు, బయల్దేరుతున్నాం. దారిలో ఎక్కడా ఆపకుండా రమ్మని చెప్పి ఆమె క్యాజువాలిటీ గుమ్మం దగ్గర నిలబడింది. కారు ఆగింది. స్ట్రెచరు మీద అత్తగారు చిన్నగా కనిపించింది, కడుపు ఒక్కటే పెద్దగా ఉంది. ముక్కులోంచి గొట్టం వేశారు. స్కాన్ తీశారు. గడ్డ దగ్గర దారి పూర్తిగా మూసుకుపోయింది. సర్జన్ థియేటరు సిద్ధం చేయమన్నాడు.

సిస్టర్ మందుసీసా చేతిలోకి తీసుకుంటూ అలవాటుగా అడిగింది. "మేడం, పుల్ల తీస్తారా? సూది రెడీ చేస్తున్నా."

ఆమె చెయ్యి తనంతట తనే సంచిలోకి వెళ్లింది. ఎక్కడా సూది వేయించుకోకుండా, ఇంటి నుంచి నేరుగా వచ్చిన మనిషి. మూసుకున్న పేగు. ఇన్ని రోజులుగా ఎదురుచూస్తున్న ఎర్రచుక్క.

"తీసుకోవే" అంది అత్తగారు గొట్టం మధ్యనుంచి, ముక్కుతో మాట్లాడుతూ. "ఒక్కటీ దొరకట్లేదని ఏడుస్తున్నావుగా. ఇంట్లోనే దొరికింది. సంతకం కూడా పెడతా."

చెయ్యి సంచిలోనే ఆగింది. "మీది పనికిరాదత్తయ్యా."

"ఏం, నా పేగంటే అంత అలుసా?"

"మీరు జగ్గు తాగి నెల కాలేదు."

"ఎన్ని రోజులు తక్కువ?"

"నాలుగు."

"నాలుగు రోజులకి ఏమవుతుందే. చూసీచూడనట్టు పోరాదూ."

ఆమె మనసూ అదే మాట అంటోంది. నాలుగు రోజులు. అడిగేవాళ్లు లేరు. ఈ మనిషి థియేటర్లోకి వెళ్లి తిరిగొస్తుందో రాదో తెలియదు. రాకపోతే, ఇవ్వబోయిన దాన్ని కూడా వద్దన్న కోడలిగా మిగిలిపోతుంది.

"నాలుగు రోజులు వదిలేస్తే రేపు వారం వదిలేస్తాను. మళ్లీ మొదటికొస్తుందత్తయ్యా."

అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. నొప్పి ఒకసారి మెలిపెట్టి పోయేదాకా ఆగి, "నా దగ్గర కుట్టే పిల్లలు అరంగుళం అటూ ఇటూ చేస్తే నేనూ విప్పించేదాన్నిలే" అంది. "సరే. వద్దంటే వద్దు."

"సూది వెయ్యండి సిస్టర్" అంది ఆమె, సంచి జిప్పు మూసేస్తూ. అత్తగారి చెయ్యి పట్టుకుంది. కన్నీళ్లు దుప్పటి మీద పడుతున్నా తుడుచుకోలేదు. థియేటరు తలుపు దాకా ఆ చెయ్యి వదల్లేదు.

తలుపు బయట బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. భర్త కుడికాలు నేలను నొక్కుతూనే ఉంది. అంతలో ఆమె ఫోన్ మోగింది. క్యాజువాలిటీ సిస్టర్.

"మేడం, ఈ టైములో అడక్కూడదు గానీ, ఒకాయన వచ్చాడు. గోడలకు రంగులేసే పని. కడుపు బాగా ఉబ్బింది. స్కానులో పెద్దపేగులో గడ్డ, దారి పూర్తిగా మూసుకుపోయింది. పని దగ్గర పడిపోతే నేరుగా ఇక్కడికే తెచ్చారు, ఎక్కడా సూది వెయ్యలేదు. మీరు రాలేరంటే చెప్పండి, నేను కానిచ్చేస్తా."

ఆమె థియేటరు తలుపుకేసి చూసింది.

"వెళ్లు" అన్నాడు భర్త.

"అత్తయ్య బయటికొస్తే…"

"నేనున్నాగా. అమ్మ కళ్లు తెరిచి, ఆ పని వదిలేసి ఇక్కడ కూర్చున్నావని తెలిస్తే నిన్నూ నన్నూ కలిపి తిడుతుంది."

ఆమె మెట్ల మీదుగానే పరిగెత్తింది. రంగులేసే ఆయన వేళ్ల సందుల్లో ఇంకా తెల్లసున్నం ఉంది. పక్కన భార్య కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. డబ్బా మేడం సంగతంతా రెండు ముక్కల్లో చెప్పి, ఇష్టం లేకపోతే వద్దనొచ్చని, వైద్యానికీ దీనికీ సంబంధం లేదని చెప్పింది.

"ఇది నాకేం పనికొస్తుంది?" అన్నాడాయన మూలుగుతూ.

"మీకు పనికిరాదండీ. మీ తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుందేమో. అదీ ఇంకా తెలీదు."

ఆయన నొప్పిలోనే ఆమెను పరీక్షగా చూశాడు. "పొద్దున్నుంచీ అందరూ అన్నీ తెలిసినట్టే మాట్లాడుతున్నారు. తెలీదన్నది నువ్వొక్కదానివే. కానియ్యి."

ఆమె అడగాల్సినవన్నీ అడిగింది, తీయాల్సింది తీసింది. వెనక నుంచి సిస్టర్ ఆమెను తోసేయాల్సిన పని లేకుండానే సూది పడింది. డబ్బాను మంచుపెట్టెలో పెట్టి ల్యాబుకి పంపి, మళ్లీ థియేటరు తలుపు దగ్గరికి వచ్చింది. అది ఇంకా మూసే ఉంది. భర్త పక్కకు జరిగి చోటిచ్చాడు. చాలాసేపటికి సర్జన్ బయటికొచ్చి మాస్కు కిందికి లాగాడు. గడ్డ మొత్తం తీసేశాం, గుండె తట్టుకుంది, మలం పోవడానికి కొన్నాళ్లు పొట్ట మీద సంచి ఉంటుంది, తర్వాత పేగు మళ్లీ కలుపుతాం అన్నాడు. భర్త కాలు అప్పటికి గానీ ఆగలేదు.

మర్నాడు ఉదయం అత్తగారికి పూర్తిగా తెలివొచ్చింది. పెదాలు ఎండిపోయాయి. పొట్ట మీద సంచిని దుప్పటి ఎత్తి చూసుకుంది, కుట్టు ఎలా ఉందో అన్నట్టు అంచుల వెంట చూపు తిప్పింది, దుప్పటి దించేసింది. కోడలు దూది తడిపి పెదాలు అద్దుతోంది.

"నా తర్వాత ఎవరన్నా వచ్చారా?" అంది అత్తగారు. గొంతు గాలిలా ఉంది.

"వచ్చారత్తయ్యా, ఒకాయన. ఆయన కూడా గండం గడిచి పక్క వార్డులోనే ఉన్నారు. శాంపిల్ తీసుకున్నాను."

అత్తగారు కళ్లు మూసుకుంది. నిద్రలోకి జారిందనుకుని కోడలు లేవబోయింది. ఒక కన్ను తెరుచుకుంది.

"జగ్గు తాగలేదుగా?"

"తాగలేదు."

"అడిగావా, అనుకున్నావా?"

కోడలు మళ్లీ కూర్చుంది. "అడిగానత్తయ్యా. ఆయన్నీ అడిగాను, వాళ్లావిడనీ అడిగాను."

"అయితే సరే" అని అత్తగారు, ఇంకాసిని నీళ్లు అద్దమన్నట్టు పెదాలు ముందుకు చాపింది.